పుస్తకంలో ఎత్తు పెరిగిన యార్డు

మా తాత, మా నాన్న, నా ఇద్దరన్నలు, అందరూ విజయనగరంలో పిల్లలకు వయొలిన్ నేర్పి బతికినవాళ్లే. మా ఇంట్లో తెల్లారితే శృతి సరిచూసుకోవడమే పని. నాకు చెవి లేదని ఏడో ఏటే తేల్చేశారు. చివరికి నా చేతికి దక్కింది మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టే లెవెల్ యంత్రం. ఏ నేల ఎంత ఎత్తులో ఉంది, నీళ్లు ఎటు పారతాయి అని కొలిచే పని. "శృతి తెలియకపోయినా వాడికి మట్టం తెలుసు" అని నాన్నగారు పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవారు. ఆయన ఇప్పుడు లేరు కాబట్టే ఈ సంగతి రాసే ధైర్యం వచ్చింది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, తెర మీద అంకె కనబడగానే అదే నిజమనుకునే పిల్లలు ఇది చదివితే నాకు సంతోషం. చదివి నవ్వుకున్నా పరవాలేదు. ఆ రోజు మేమంతా నవ్వాం, పొట్ట పట్టుకుని నవ్వాం, ఏడవాల్సిన చోట కూడా నవ్వాం.

సముద్రం ఒడ్డున ఒక రసాయనాల ఫ్యాక్టరీలో నేను సివిల్ సూపర్‌వైజర్ని. రోజూ విజయనగరం నుంచి కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఫ్యాక్టరీకి సముద్రం వైపు పెద్ద కాంక్రీటు యార్డు, దాని చివర ప్రహరీ గోడ. యార్డులో ఒక పక్క ఖాళీ నీలం డ్రమ్ముల గుట్టలు, ఇంకో పక్క రేకుల షెడ్డులో నిండు డ్రమ్ములు. గోడకు ఆవల ఒకప్పుడు పెద్ద ఇసుక దిబ్బ ఉండేది. వాడిన నీళ్లు సముద్రంలోకి పంపే గొట్టం వెయ్యడానికి ఆ దిబ్బను చదును చేయించాం. దగ్గరుండి చేయించింది నేనే. నేను చేరిన కొత్తలో గోడ దగ్గర బీడీ ముట్టించి నీళ్లవైపు నడిస్తే, బీడీ అయిపోయేసరికి అల కాళ్లకు తగిలేది. 2010 దాటాక ముట్టించేలోపే తడిసిపోయేవాణ్ణి. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నా దగ్గర పుస్తకం ఉంది కదా.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. నేల ఎత్తు కొలవాలంటే ముందు ఎత్తు తెలిసిన ఒక గురుతు రాయి ఉండాలి. ఆ రాయి మీద అంకెలున్న కొలత కర్ర పెట్టి యంత్రంలోంచి చూసి, దాన్నిబట్టి మిగతా నేలంతా ఎంత ఎత్తో, ఎంత పల్లమో లెక్కగడతాం. మా ఫ్యాక్టరీ తోటలో అలాంటి రాయి ఒకటుంది. నాకు ముందు ఆ ఉద్యోగం చేసినాయన, నేను చేరిన వారంలో ఒక్కసారి దాన్ని చూపించి రిటైరైపోయారు. సముద్రాలు పెరుగుతున్నాయి, తీరాన ఉన్న ఫ్యాక్టరీలన్నీ తమ ఎత్తు సరిచూసుకోండి అంటూ హెడ్డాఫీసు వాళ్లు ఏటా ఒక ఫారం పంపేవాళ్లు. నేను తోటలో రాయి దగ్గర మొదలుపెట్టి యార్డంతా కొలిచి, "ప్రమాదం లేదు" అని రాసి పంపేవాణ్ణి.

ఒక ఏడాది కొలిస్తే, పాత డ్రాయింగులో కన్నా యార్డు అడుగున్నర ఎత్తు పెరిగినట్టు తేలింది. రెండుసార్లు కొలిచాను. అదే అంకె. అంతకు ముందు ఏడాది యార్డు మీద ఇంకో పొర కాంక్రీటు వేశాం, అందుకే పెరిగిందని రాసేశాను. ఆ పొర మందం నాలుగంగుళాలు. నాలుగంగుళాలు వేస్తే అడుగున్నర ఎలా పెరిగిందని నేను అడగలేదు. నన్నెవరూ అడగలేదు. పైగా హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

మా గేటు దగ్గర రోజూ పొద్దున్నే ఒకావిడ చేపల గంప పెట్టుకుని కూర్చునేది. పక్కనే ఉన్న మత్స్యకారుల ఊరు ఆవిడది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద, అందుకని మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ణి. ఆవిడ తమ్ముడు ఊళ్లో పెద్దవల యజమాని. గట్టు మీద నిలబడి ముప్పై నలభై మంది కలిసి లాగే వల అది. సముద్రం ఇవాళ ఎలా ఉందంటే టీవీలో చెప్పేవాళ్లకన్నా ముందు ఆవిడ చెప్పేది.

ఆ ఏడు దీపావళి వెళ్లిన మర్నాడు మా ఫ్యాక్టరీలో పెద్ద సంబరం. మూడేళ్లుగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదని మాకు భద్రతా షీల్డు ఇస్తున్నారు. ఇవ్వడానికి హెడ్డాఫీసు నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. అంతమంది కూర్చోడానికి చదునైన చోటు డ్రమ్ముల యార్డే కాబట్టి అక్కడే షామియానా వేశారు. నరసన్నపేట నుంచి షామియానా, కుర్చీలు, ఎర్ర తివాచీ, మైకు సెట్టు అన్నీ దిగాయి. బస్సు దిగి లోపలికి వెళ్తుంటే అప్ప నన్ను ఆపింది.

"బాబూ, ఆ యార్డులో కుర్చీలేటి ఏస్తన్నారు?"

"షీల్డు ఇస్తున్నారప్పా. మా దగ్గర ప్రమాదాలే జరగవని."

"దీపాలమాస పోటు బాబూ ఇది. నిన్న మా తెప్పల కాడికి ఒచ్చీసింది. ఎక్కడో వాయుగుండం కూడా ఉన్నాదంట, ఈ పొద్దు ఇంకా ఎక్కువ ఒస్తాది. కుర్చీలు రోడ్డేపు ఏయించీ."

"మాకేం భయం లేదు. మా యార్డు ఎత్తు పెరిగింది."

అప్ప నా మొహంలోకి చూసింది. "నేల పెరగడానికి అదేటి గుమ్మిడిపాదా?"

నేను సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ విప్పి, అంకె మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడకు చదువు రాదు. అయినా పుస్తకం వంక చూసింది, తర్వాత సముద్రం వంక చూసింది.

"బాగున్నాది. ఒకపాలి సంద్రానికి కూడా సూపించీ," అని చేపల మీద నీళ్లు చల్లుకుంది.

తొమ్మిదిన్నరకు సభ మొదలైంది. మంచి ఎండ. గాలి కూడా లేదు. అల ఎత్తుగా ఉందని చప్పుడునుబట్టి తెలుస్తోంది, అంతే. మా మేనేజరు గారు బెజవాడ వైపు మనిషి, మాట నెమ్మది, టై ఎప్పుడూ వదులు చేసేవారు కాదు. ఆయన వందన సమర్పణ కాగితం జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నా పక్కన మా స్టోర్ కీపరు. వాడిది శృంగవరపుకోట. కొండల పక్క పుట్టి పెరిగినవాడు కావడంతో సముద్రమంటే ప్రాణభయం. పన్నెండేళ్లు సముద్రం పక్కన ఉద్యోగం చేసి ఒక్కసారి కూడా కాలు తడుపుకోలేదు. ఆ భయంతోటే డ్రమ్ములన్నీ నోటికి అప్పజెప్పేంత జాగ్రత్తగా చూసుకునేవాడు. నన్ను బావా అనేవాడు.

ముఖ్య అతిథి గారు లేచి మాట్లాడుతున్నారు. "సముద్రం ఒడ్డున ఉన్నా ఈ ఫ్యాక్టరీ ఎంత సురక్షితంగా ఉందంటే..." అంటుండగా ఎర్ర తివాచీ మీద ఒక పీత నడుచుకుంటూ వచ్చింది. సభకు ఆలస్యమైన అతిథిలా తిన్నగా వేదిక వైపు వెళ్లింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"బావా, పీత," అన్నాడు స్టోర్ కీపరు బిగుసుకుపోయి.

"చూశాను."

"పీత ఎందుకొచ్చింది?"

నేను జవాబు చెప్పేలోపే యార్డు మధ్యలో వాన నీళ్లు పోయే కాలవ మూతలోంచి బుడబుడమని చప్పుడైంది. ఆ కాలవ గోడ కిందుగా సముద్రంలోకి పోతుంది. నీళ్లు వెనక్కి రాకుండా దానికి ఇనప తలుపు ఉంది. వానాకాలంలో నీళ్లు త్వరగా పోవాలని ఆ తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టించింది నేనే. తీయించడం మర్చిపోయాను. ఇప్పుడు ఆ దారినే సముద్రం పైకి వస్తోంది. ముందు తివాచీ తడిసింది. తర్వాత చెప్పులు. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా లేవడం మర్యాద కాదు కాబట్టి రెండొందల మందిమీ కూర్చున్నచోటే కాళ్లు పైకెత్తుకున్నాం. ఆయన మాత్రం కాగితంలోంచి తల ఎత్తకుండా "తీరప్రాంతంలో ఆదర్శంగా" దాకా వచ్చారు.

అప్పుడు గోడ పడింది. మూడు బారల మేర గోడ, కింద ఇసుక కొట్టుకుపోయి, బద్ధకంగా ఇటువైపు వాలి కూలింది. దాని వెనకే ఒక పెద్ద అల నింపాదిగా లోపలికి వచ్చింది. మోకాలి లోతు.

మేనేజరు గారిది నెమ్మదైన గొంతని చెప్పానా? ఆ రోజు ఆయన అరుపు గోడవతలికి వినిపించింది. "కరెంటు తీసెయ్యండి! మెయిన్ తీసెయ్యండి!" ఎలక్ట్రీషియన్ పరుగెత్తి మెయిన్ ఆపాడు. మైకు మూగబోయింది. అందర్నీ రోడ్డు వైపుకి పంపించేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. భద్రతా షీల్డు ఆ ఒక్క పనికైనా తగినదే.

ఆ తర్వాత మొదలైంది అసలు వేడుక. ఖాళీ డ్రమ్ములు లేచాయి. వందల నీలం డ్రమ్ములు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ డబడబ, డబడబ మంటూ యార్డంతా తిరుగుతున్నాయి. వాటి మధ్య తెల్ల కుర్చీలు. వాటి వెనక షామియానా యజమాని. "నా కుర్చీలు! నా కుర్చీలు ఒరిస్సా ఎల్లిపోతన్నాయి!" అని చేతులూపుతూ పరుగెడుతున్నాడు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంటుంటే పక్కన మేనేజరు గారి భుజాలు కూడా కదులుతున్నాయి.

"బావా!" స్టోర్ కీపరు గొంతు విని నవ్వు ఆగిపోయింది. "నిండువి కూడా తేలుతున్నాయి!"

షెడ్డులోంచి నిండు డ్రమ్ములు నెమ్మదిగా, వీపు మాత్రమే కనబడేలా, ఒకటి తర్వాత ఒకటి బయటికి వస్తున్నాయి. వాటిలో ఉన్న ద్రావకం నీళ్లకన్నా తేలిక. నిండు డ్రమ్మయినా మునగదు. ఆ సంగతి పుస్తకాల్లో అందరం చదివిందే, కళ్లతో చూసింది మాత్రం అదే మొదలు. పోటు తగ్గడం మొదలైతే నీళ్లన్నీ ఆ గోడ కంతలోంచే వెనక్కి పోతాయి, వాటితోబాటు ఇవీ పోతాయి. కంతలో పడి ఉన్న గోడ రాళ్లకు తగిలి నాలుగు మూతలు ఊడితే చాలు, ఆ ఒడ్డున చేప మిగలదు. ఊరు ఊరంతా పస్తులుండాలి. నిప్పురవ్వ పడితే చెప్పనక్కర్లేదు.

నేను ఇంకా ఆలోచిస్తున్నాను. సముద్రమంటే ప్రాణభయమున్న మా స్టోర్ కీపరు "నా డ్రమ్ములు!" అంటూ ఆ నీళ్లలోకి దూకేశాడు.

గోడ కంత దగ్గర, పడిన గోడ మీద నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని అప్ప కనిపించింది. నన్ను చూసింది. వెనక్కి తిరిగి వాళ్ల ఊరి ముందున్న ఇసుక దిబ్బ వైపు కేకేసింది. అల ఎత్తుగా ఉందని ఆ రోజు వాళ్ల ఊరివాళ్లెవరూ వేటకెళ్లలేదు, దిబ్బ మీద వల బాగుచేసుకుంటున్నారు.

"ఒరే తమ్ముడూ! పెద్దవల అట్టుకుని బేగి రండర్రా! ఆల డబ్బాలు మన సంద్రంలోకి ఒచ్చీలాగున్నాయి!"

చూస్తుండగానే ముప్పై మంది వచ్చారు, ఆడవాళ్లతో సహా. ఆవిడ తమ్ముడు కంతను ఒకసారి చూసి, నిలిచి ఉన్న గోడ స్తంభాలు రెంటినీ చేత్తో ఊపి చూశాడు.

"ఇవి నిలబడతాయేటి?" అని నన్నడిగాడు.

"నిలబడతాయి."

"పుస్తకంలో ఉన్నాదేటి?" అంది అప్ప.

స్తంభాలకు వల చివర్లు కట్టారు. మధ్యలో వల పట్టుకోడానికి మనుషులు చాలలేదు. మేమూ దిగాం. టైతో మేనేజరు గారు, పక్కన క్యాంటీను వంటాయన, ఆ పక్కన నేను, నా వెనక షామియానా యజమాని. సరిగ్గా అప్పుడే పోటు తగ్గింది. నీళ్లు ఒక్కసారిగా మా కాళ్ల మధ్యనుంచి వెనక్కి లాగాయి. డ్రమ్ములన్నీ గొర్రెల మందలాగ కంతకేసి వచ్చి వలలో పడ్డాయి. తాడు అరచేతుల్ని కోసేస్తోంది.

"ఒగ్గకండి బాబూ! ఒగ్గితే ఊరు పోతాది!" అని అరిచాడు అప్ప తమ్ముడు. అరిచి, వల లాగేటప్పుడు పాడే పాట అందుకున్నాడు. అందరూ ఒక్క గొంతుతో బదులు పాడారు. దేవుడి మీద ఒట్టు, నా జన్మలో మొదటిసారి నాకు తాళం తెలిసింది. తెలియకపోతే కాళ్లు తేలిపోతాయి మరి. వాళ్ల పాటకు లాగుతూ, ఆగుతూ, అరగంట పట్టుకున్నాం. నీళ్లు చీలమండల దాకా దిగిపోయాయి. వల నిండా నీలం డ్రమ్ములు, తెల్ల కుర్చీలు, ఒక ఎర్ర తివాచీ, మధ్యలో గుప్పెడు నెత్తళ్ల చేపలు.

"ఇలాటి సేపలు మన వల్లో ఎప్పుడూ పళ్లేదప్పా," అన్నాడు తమ్ముడు వలకేసి చూసి. అంతే, గట్టు మీద ముప్పై మందీ పడీపడీ నవ్వారు. మేనేజరు గారు ఇసుకలో కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వనిది స్టోర్ కీపరొక్కడే. నడుం దాకా తడిసి, ఒక్కో నిండు డ్రమ్మునీ తట్టి మూత చూసి లెక్కపెడుతున్నాడు. "నలభై ఏడు," అన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "నలభై ఏడే. నలభై ఎనిమిది ఉండాలి బావా." వాడి మొహం తెల్లబోయింది. అందరి నవ్వూ ఆగిపోయింది. తమ్ముడు మనుషుల్ని ఒడ్డు వెంట రెండు వైపులా పరుగెత్తించాడు. ఇద్దరు అలల్లోకి ఈదుకుంటూ వెళ్లి చూశారు. ఎక్కడా లేదు. అప్ప నీళ్ల మీద ఎక్కడైనా జిడ్డు తేలుతోందేమోనని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆ పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు.

అప్పుడు వేదిక వైపు నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "ఎవరైనా ఉన్నారా అండీ?"

అందరం ముఖ్య అతిథి గారిని మర్చిపోయాం. నీళ్లు రాగానే ఆయన వేదిక పక్కన ఏదో ఎత్తుగా కనబడితే ఎక్కేశారు. ఇప్పటికీ దాని మీదే షీల్డు గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నారు. స్టోర్ కీపరు ఆయన్ని చూశాడు. ఆయన బూట్లు చూశాడు. బూట్ల కింద చూశాడు. సౌండు బాక్సుకు పీట కావాలని మైకువాళ్లు ముందురోజే షెడ్డులోంచి ఒక డ్రమ్ము దొర్లించుకెళ్లి అక్కడ పెట్టుకున్నారు. అది నిండుదని వాళ్లకేం తెలుసు. సౌండు బాక్సు అలకు దొర్లిపోయినా, ఆయన బరువు పైన ఉండబట్టి డ్రమ్ము కదలకుండా అక్కడే ఉండిపోయింది.

"సార్," అన్నాడు స్టోర్ కీపరు చేతులు జోడించి, "కొంచెం దిగుతారా? మీరు దిగితే నలభై ఎనిమిది."

నేను ఆ తర్వాత అంత నవ్వు నవ్విన గుర్తు లేదు.

మర్నాడు నవ్వేమీ లేదు. నా పుస్తకం నిజమైతే, అంత ఎత్తున్న యార్డులోకి మోకాలి లోతు నీళ్లు రావాలంటే సముద్రం రోడ్డవతల వరిచేలను కూడా ముంచాలి. అవి పొడిగా ఉన్నాయి. అంటే తప్పు సముద్రానిది కాదు. తోటలో గురుతు రాయి దగ్గరికి వెళ్లాను. కుళాయి పక్కన ఉంది. దాని మీద తోటమాలి లుంగీ ఉతుక్కుంటున్నాడు.

"ఈ రాయి ఎప్పుడూ ఇక్కడే ఉందా?"

"నేదు బాబూ. ఆ మీద గట్టు కాడ ఉండీది. మందార మొక్కలకి అడ్డంగా ఉన్నాదని నానే కిందికి దొర్లించినాను. ఉతుక్కోడానికి బాగున్నాది."

నేను రాయి వంకా, లుంగీ వంకా మార్చి మార్చి చూశాను.

"ఏటి బాబూ, అలాగ సూస్తారు? మీరు ఏటేటా ఒచ్చి దీని మీద కర్ర ఎట్టినప్పుడల్లా సబ్బు నురగ తుడిసి ఇచ్చీవోణ్ని కదా?"

నిజమే. తుడిచి ఇచ్చేవాడు. నేను థాంక్స్ కూడా చెప్పేవాణ్ణి. రాయి పద్నాలుగంగుళాలు కిందికి దిగింది, కాంక్రీటు నాలుగంగుళాలు కలుపుకుని నా పుస్తకంలో యార్డు అడుగున్నర పైకి లేచింది.

మేనేజరు గారితో చెప్పాను. ఆయన లేచి గది తలుపు మూసి, "హెడ్డాఫీసు వాళ్లు అనుకోని ప్రకృతి వైపరీత్యం అని రాయమంటున్నారు. ఈ రాయి సంగతి ఎవరికీ తెలియదు కదండీ?" అన్నారు.

"తోటమాలికి తెలుసు సార్. నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు."

రాయి సంగతీ, ఇటుక సంగతీ రెండూ రాసిచ్చాను. మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో అన్నలు నాన్నగారి చెవిన పడకుండా నెలరోజులు నన్ను చూసి నవ్వారు. అంతకన్నా ఏమీ కాలేదు. ఒప్పుకోవడానికి ముందు రెండు రాత్రులు నిద్రపోలేదు చూడండి, ఆ శిక్షే పెద్దది.

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు. యార్డును నిజంగానే అడుగున్నర లేపాలి. ఇసుక దగ్గర్లోనే దొరుకుతుందని కాంట్రాక్టరు రాశాడు. ఆ దగ్గర్లో అన్నది అప్ప ఊరి ముందున్న దిబ్బ. ఎంత ఇసుక వస్తుందో కొలిచిమ్మని నన్నే పంపారు. ఈసారి రైల్వే స్టేషన్ దగ్గరున్న గురుతు నుంచి రెండు రోజులు అంచెలంచెలుగా మట్టం కొలుచుకుంటూ వచ్చాను. ఎండలో నన్ను చూసి అప్ప మజ్జిగ తెచ్చిచ్చింది.

"అలాగే మా ఇల్లు కూడా కొలిసి సెప్పు బాబూ. ఈసారి ఉతుకురాయి మీద ఎట్టకు."

ఆవిడ గడప మీద కర్ర పెట్టించి చూశాను. మళ్లీ చూశాను.

"ఏటి? ఎంత?"

"మీ ఇల్లు మా యార్డుకన్నా కిందుందప్పా." గుమ్మానికి సుద్దతో గీత పెట్టాను. "ఆ రోజు మాకొచ్చిన నీళ్లు ఇక్కడికి వస్తే, ఇంతవరకూ."

గీత ఆవిడ నడుం దాకా ఉంది. అప్ప దాన్ని వేలితో తడిమింది. "మరి మాకు ఒక్క సుక్క రాలేదేటి?"

"మీరు దిబ్బ తీయలేదు. మేం తీశాం."

కాసేపటికి పక్కింటావిడ వచ్చి తన గుమ్మానికీ గీత పెట్టమంది. తర్వాత ఊరంతా వచ్చేసింది. "మాకెంత? మాకెంత?" నుదుటి దాకా గీత వచ్చినాయన, మోకాలి దాకా వచ్చిన బావమరిదిని పట్టుకుని, "ఒరే బావా, నీళ్లొస్తే నీ ఇంటికే ఒస్తాన్రోయ్" అన్నాడు. అదొక పెళ్లి సందడి. ప్రతి ఇంటి అంకె ఒక కాగితం మీద రాసి, దిబ్బ తీస్తే ఏ ఇంట్లో ఎన్ని నీళ్లో కింద రాసి, సంతకం పెట్టాను.

టిప్పర్లు వచ్చిన రోజు ఆడవాళ్లంతా దిబ్బ మీద కూర్చున్నారు, మధ్యలో అప్ప. మేనేజరు గారు వచ్చారు. నా కాగితం ఇచ్చాను. ఇసుక కొలత పుస్తకంలో మాత్రం సంతకం పెట్టనన్నాను. ఆయన కాగితం చదివి, ఊళ్లోకి నడిచివెళ్లి గుమ్మాల మీద గీతలు చూసి, తిరిగొచ్చారు. అరచేతుల మీద తాడు కోసిన గుర్తు ఆయనకింకా ఉంది.

"సరే. మరి డ్రమ్ములెక్కడ పెట్టను? ఫ్యాక్టరీలో ఎత్తయిన నేల ఎక్కడుంది చెప్పండి."

నాకు తెలుసు. స్టోర్ కీపరుకీ తెలుసు. వాడు ఆకాశం వంక చూస్తున్నాడు.

"బ్యాడ్మింటన్ కోర్టు సార్," అన్నాను.

ఆయన మొహం చూడలేకపోయాను. ఆ కోర్టు ఆయన ప్రాణం. రోజూ సాయంత్రం ఐదున్నరకు ఆ టై విప్పేది అక్కడొక్కచోటే.

"ఇంకో చోటు లేదా?"

"ఉంది సార్," అన్నాడు స్టోర్ కీపరు. "మీ ఛాంబరు."

మేనేజరు గారు టిప్పర్ల వైపు తిరిగి చెయ్యి ఊపారు. ఖాళీగా వచ్చినవి ఖాళీగానే వెనక్కి తిరిగాయి. దిబ్బ మీద ఆడవాళ్ల కేకలు హైవే దాకా వినిపించే ఉంటాయి.

దిబ్బ అలాగే ఉంది. సముద్రమూ ఊరుకోలేదు, ఏటా కొంచెం కొంచెం జరుగుతూనే ఉంది. ఆ దిబ్బ ఎన్నాళ్లు కాస్తుందో నా యంత్రం చెప్పలేదు. మా డ్రమ్ములు మాత్రం రోడ్డు పక్క మెరక మీదున్న ఆ కోర్టులో భద్రంగా సర్దుకున్నాయి. పాత యార్డు ఖాళీగా మిగిలింది. మేనేజరు గారు అక్కడే రెండు గుంజలు పాతించి నెట్టు కట్టించుకున్నారు. నేను రిటైరయ్యేదాకా రోజూ సాయంత్రం అదే తంతు. రాకెట్టు చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి, బెజవాడ యాసలో కేకేసేవారు.

"అప్పా! ఇవాళ ఆడొచ్చా?"

దిబ్బ మీద వల ఆరేస్తున్న అప్ప తల ఎత్తకుండానే జవాబిచ్చేది.

"పోటు ఒస్తాది బాబూ. రెండాటలాడీసి బేగి ఎల్లిపో."